తెర దిగినప్పుడు ఫోకస్

జనవరి 18, శనివారం

బందరు రోడ్డులో హోటల్ పై అంతస్తున బాలశౌరి గారి వర్క్‌షాప్. టాపిక్: పాత లెన్సులు, కొత్త కెమెరాలు. గారు అని రాశాను. రెండేళ్ళు ఆయన స్టూడియోలో పనిచేసిన అలవాటు. ఇకమీదట రాయను. మాస్కు పెట్టుకుని వెనక వరసలో కూర్చున్నాను.

స్క్రీన్ మీద నేను తీసిన ఫోటో. పెళ్ళికూతురు దీపం వెలిగిస్తోంది. వెనకాల సీరియల్ బల్బులన్నీ గుండ్రంగా సుడి తిరుగుతున్నాయి. ఆ సుడి హీలియోస్ అనే పాత రష్యన్ లెన్సుది. పామర్రులో మా వీధి స్టూడియో మూసేసి సామాను అమ్ముకుంటుంటే నేను కొనుక్కున్నాను. అడాప్టర్ వేసి మిర్రర్‌లెస్‌కి తగిలిస్తే కెమెరా దాన్ని లెన్సుగా గుర్తు కూడా పట్టదు. ఆటోఫోకస్ ఉండదు. రింగు చేత్తో తిప్పుకోవాలి.

ఆ ఫోటో తనెలా తీశాడో బాలశౌరి వివరంగా చెప్పాడు. ఊపిరి బిగబట్టాడట. వేలి కొసతో రింగు వెంట్రుకవాసి జరిపాడట. మాన్యువల్ ఫోకస్ అంటే ధ్యానం అన్నాడు. పిల్లలందరూ నోట్స్ రాసుకున్నారు. ఆ రింగు ఎటు తిప్పితే దగ్గరికి వస్తుందో ఎటు తిప్పితే దూరం వెళ్తుందో ఈయనకి తెలియదు. ఆ రోజు ఆయన డైనింగ్ హాల్లో పెళ్ళివారితో బంతిలో కూర్చుని పూర్ణాలు తింటున్నాడు.

స్టూడియోల్లో ఎవరు నొక్కినా కింద పడేది ఓనర్ లోగోనే. అది మా లైన్లో ఆచారం, దానికి నేనెప్పుడూ ఏడవలేదు. లోగోకి నా జీతం ముట్టింది. ధ్యానానికి ముట్టలేదు.

సొమ్మొకడిది సోకొకడిది అంటారు. చివర్లో చప్పట్లు కొట్టాల్సి వస్తే నేనూ కొట్టాను. అదే ఎక్కువ మండుతోంది.

జనవరి 19

నిద్రలో పళ్ళు కొరుకుతున్నానని అమ్మ చెప్పింది. నట్టలేమో, మందు వేసుకోమంది.

జనవరి 27

బాలశౌరి ఫోన్.

అమ్మా సంయుక్తా, ఎలా ఉన్నావు తల్లీ అని మొదలుపెట్టాడు. గన్నవరం దగ్గర కన్వెన్షన్‌లో పెద్ద పెళ్ళట. పెళ్ళికూతురు ఆ దీపం ఫోటో చూసి, ముహూర్తం ఫోటో అలాగే కావాలని పట్టుబట్టిందట. ఆ పాత లెన్సు నీ దగ్గరే ఉంది కదా, వచ్చి నాలుగు ఫ్రేములు తీసిపెట్టు, నువ్వు మన ఇంటి పిల్లవి, మనలో మనకి పేర్లెందుకమ్మా అన్నాడు. తడిగుడ్డతో గొంతు కోయడం ఈయన దగ్గర నేర్చుకోవాలి. లెన్సు పంపించమని మాత్రం అడగలేదు. పంపితే దాంతో ఏం చెయ్యాలో తెలియదు కదా.

తప్పకుండా వస్తాను సార్ అన్నాను. ఎంత తియ్యగా అన్నానో నాకే భయం వేసింది.

ఫిబ్రవరి 2

పామర్రు అవతల మినుము చేలల్లో ప్రీవెడ్డింగ్. పెళ్ళికూతురు పేరు రుచిత. ఆడిటర్ ఆఫీసులో పనిచేస్తుంది. కింది పెదవి దగ్గర మొదలై గడ్డం దాకా తెల్లమచ్చ. బొల్లి.

మేకప్ అమ్మాయి మచ్చ కనపడకుండా కప్పేసింది. పొద్దుటి షూట్ అయ్యాక రుచిత గట్టు మీద కూర్చుని తడి టిష్యూతో అదంతా తుడిచేసుకుంది. అక్కా, ఒకటి అడుగుతాను ఏమనుకోకు అంది. పెళ్ళికొడుకు వాళ్ళకి మచ్చ సంగతి తెలుసట. దాచి చేసే పెళ్ళేం కాదు. అయినా ఎంగేజ్‌మెంట్ ఆల్బమ్‌లో ఒక్క ఫోటోలో కూడా మచ్చ లేదట. సాఫ్ట్‌వేర్ దానంతటదే నున్నగా చేసేస్తుందని స్టూడియో వాళ్ళు గొప్పగా చెప్పారట. ఆల్బమ్ తిరగేస్తుంటే, మా అక్కెవరో చచ్చిపోతే ఆ పిల్ల ఫోటోలు చూస్తున్నట్టు ఉందక్కా అంది. దీపం ఫోటోలో ఆ పెళ్ళికూతురి మొటిమ కూడా ఉంది, అందుకే నచ్చింది అంది.

ఒక్క ఫోటో కావాలంది. తెర దించినప్పుడు, తను తలెత్తినప్పుడు. ఉన్నది ఉన్నట్టు. ఆ పూట మేకప్ వాళ్ళతో పోట్లాడైనా గడ్డం వదిలేయిస్తానంది.

తల ఎత్తగానే మీ ఆయన్నో పంతులుగారినో చూడకు, సూటిగా నా లెన్సులోకి చూడు అన్నాను. మాట ఇచ్చాను. ఈ పిల్లంటే నాకు ఇష్టం కలిగింది.

ఫిబ్రవరి 6

స్టూడియోలో మీటింగ్. బాలశౌరి నన్ను అందరికీ, మా పాత అమ్మాయే, హెల్ప్‌కి వస్తోంది అని పరిచయం చేశాడు. హెల్ప్‌కి.

ఎడిటర్ జాన్సన్ అన్న కొత్త సిస్టమ్ చూపించాడు. మండపం పక్కనే పెద్ద LED గోడ. మేం తీసిన ఫోటో తీసినట్టు వైఫైలో లాప్‌టాప్‌కి వెళ్ళిపోతుంది. ఎడమవైపు కింద మూలన బాలశౌరి ఫోటోగ్రఫీ అని లోగో దానంతటదే పడి, గోడ మీదకి వచ్చేస్తుంది. మధ్యలో చూసుకునే టైమ్ ఎవరికీ ఉండదు సంయుక్తా అన్నాడు. రుచిత కోరిక ప్రకారం నా కెమెరాకి మాత్రం నున్నగా చేసే ఫిల్టర్ ఉండదు.

ఇంటికి వస్తుంటే బెంజి సర్కిల్ సిగ్నల్ దగ్గర తట్టింది. ఫోటో కింద ఆయన పేరు. ఫోటో లోపల ఆయనే ఉంటే? తెర దించే సమయానికి పెళ్ళికూతురి వెనకాల నిలబడి వీడియో వాళ్ళ క్రేన్‌కి పోజు ఇవ్వడం ఆయనకి ఏ పెళ్ళిలోనైనా రివాజే. పెళ్ళికూతుర్ని మసకగా వదిలేసి, వెనకున్న ఆయన్ని మాత్రం మీసం వెంట్రుకతో సహా ఫోకస్ చేస్తే? తన ఫోటో తనే ఎలా తీసుకున్నాడబ్బా అని హాలంతా అనుకోదా?

వెనక బండివాడు హారన్ కొట్టి తిట్టేదాకా నవ్వుతూనే ఉన్నాను.

ఫిబ్రవరి 11

ప్రాక్టీస్. అమ్మని కుర్చీలో కూర్చోబెట్టాను. ఆవిడ వెనకాల స్టూలు మీద మంచినీళ్ళ టిన్ను. టిన్ను బాలశౌరి అన్నమాట.

ఈ లెన్సు రింగు చాలా బద్ధకంగా తిరుగుతుంది. అమ్మ నుంచి టిన్ను దాకా వెళ్ళాలంటే రెండుసార్లు చెయ్యి మార్చి పట్టుకోవాలి. అయినా ఫరవాలేదు. ముందు రుచిత, తర్వాత ఆయన. ఆ పిల్ల ఫోటో ఆ పిల్లకి దక్కుతుంది, నా పగ నాకు తీరుతుంది. ఎవరికీ అన్యాయం జరగదు.

టిన్ను మాత్రం అద్భుతంగా వచ్చింది.

ఫిబ్రవరి 16, పొద్దున్న

లెన్సు తుడుచుకున్నాను.

ఫిబ్రవరి 16, మధ్యాహ్నం

కన్వెన్షన్ పార్కింగ్‌లో స్కూటీ మీద కూర్చుని రాస్తున్నాను. ఇప్పుడే రాయకపోతే రేపటికి నాకు అనుకూలంగా మార్చుకుంటాను.

మేనమామ రుచితని గంపలో తీసుకొచ్చాడు. గడ్డం మీద మేకప్ లేదు. పెద్దవాళ్ళెవరో గుసగుసలాడారు, ఆ పిల్ల పట్టించుకోలేదు. అడ్డుతెర పట్టారు. నేను పెళ్ళికొడుకు భుజం పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాను. తెర అంచు పైనుంచి చూస్తే రుచిత వెనకాల, పూల స్తంభం పక్కన బాలశౌరి. కొత్త షేర్వాణీ. రెండు చేతుల్లో తన పెద్ద కెమెరా.

పంతులుగారు మంత్రం సాగదీస్తున్నారు. తెర దిగేలోపు ఖాళీగా ఉండటం ఎందుకని ఆయన మీద ఫోకస్ పెట్టి చూశాను, దూరం అందాజాకి, అంతే. వ్యూఫైండర్‌లో మాగ్నిఫై చేశాను. ఫోకస్ కుదిరిన చోటల్లా ఎర్ర గీతలు మెరుస్తాయి. ఆ ఎర్ర గీతలు ఆయన మీసం మీద పాకి, కిందకి దిగి, కెమెరా ముందున్న నల్లటి బిళ్ళ మీద ఆగాయి. కంపెనీ పేరు అక్షరాలతో సహా కనపడుతోంది.

లెన్సు మూత. ఆయన మూత తియ్యలేదు. మూత తియ్యని కెమెరా పట్టుకుని క్రేన్ వైపు ధ్యానం చేస్తున్నాడు.

మేళం ఒక్కసారి జోరందుకుంది. జీలకర్ర బెల్లం పెట్టారు. తెర దించారు. రుచిత తలెత్తింది. చెప్పినట్టే సూటిగా నావైపు చూసింది. నవ్వింది కూడా.

రింగు వెనక్కి తిప్పాలి. వేళ్ళకి ఆ సంగతి తెలుసు. కొత్త లెన్సు అయితే కెమెరానే ఆ పిల్ల కన్ను వెతుక్కుని పట్టుకునేది, నేను తప్పు చేద్దామన్నా చెయ్యనిచ్చేది కాదు. ఈ లెన్సు నేను ఎటు తిప్పితే అటే. నేను తిప్పలేదు. నొక్కాను. నొక్కుతూనే ఉన్నాను.

వేలు ఆగేసరికి ఆ పిల్ల పెళ్ళికొడుకు వైపు తిరిగిపోయింది.

LED గోడ మీద ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయి. ఎడమపక్క పసుపు రంగు మసక, అది రుచిత. ఆ మసక కింద బాలశౌరి ఫోటోగ్రఫీ అని లోగో. కుడిపక్క పైన బాలశౌరి, షేర్వాణీ బొత్తాలు లెక్కపెట్టుకోవచ్చు, చేతిలో మూత తియ్యని కెమెరా. ముందు పెళ్ళికొడుకు ఫ్రెండ్స్ నవ్వారు. తర్వాత వెనక కుర్చీలు. ఒక పెద్దాయన, ఏవండీ ఫోటోగ్రాఫర్ గారూ, మూత తీసి తియ్యండి బాగా వస్తాయి అన్నాడు. హాలు హాలంతా పడీ పడీ నవ్వింది. బాలశౌరి గోడ వైపు చూశాడు, కెమెరా చూసుకున్నాడు, తర్వాత నన్ను చూశాడు. నేను కళ్ళు దించలేదు. నా కడుపు అంత చల్లగా ఎప్పుడూ లేదు.

ఫిబ్రవరి 17

గోడ మీది ఫోటో ఫోన్లలో తీసి ఎవరో పెట్టారు. మూత బాబాయ్ అని పేరు పెట్టారు. నాకే నాలుగు గ్రూపుల్లో వచ్చింది. అన్నిట్లోనూ మళ్ళీ చూశాను.

ఫిబ్రవరి 20

గుంటూరు వర్క్‌షాప్ క్యాన్సిల్ అయిందని జాన్సన్ అన్న చెప్పాడు. దీపం ఫోటో కూడా సంయుక్త తీసిందేనట కదా అని అందరూ అడుగుతున్నారట. బాలశౌరి రెండుసార్లు ఫోన్ చేశాడు, ఎత్తలేదు. ఇవాళ పులిహోర చేసుకుని రెండు ప్లేట్లు తిన్నాను. పగబట్టిన మనిషికి ఆకలి ఉండదంటారు. అబద్ధం.

ఫిబ్రవరి 23

రుచిత మెసేజ్. పెళ్ళి హడావిడిలో గోడ చూడనే లేదట. అక్కా ఆ ఒక్కటి వచ్చిందా అని అడిగింది. పక్కన నవ్వుతున్న బొమ్మ.

ఫిబ్రవరి 24

మొత్తం ముప్ఫై ఫ్రేములూ పెద్దవి చేసి చూశాను. ఏ ఒక్కదానిలోనైనా చెయ్యి జారి ఆ పిల్ల మీద పడి ఉంటుందేమోనని. నా చెయ్యి జారలేదు. అంత బాగా ఎప్పుడూ ఫోకస్ చెయ్యలేదు నేను.

మిగతా కెమెరాల వాళ్ళు తీసినవి బాగానే ఉన్నాయట. అన్నీ నున్నగా. గడ్డం మీద ఏమీ లేదు.

ఫిబ్రవరి 25

రాలేదు, సారీ రా అని టైప్ చేశాను. రాలేదు అన్న మాట చెరిపేశాను. తియ్యలేదు అని టైప్ చేశాను. అదీ చెరిపేశాను. బాలశౌరి నా పేరు ఒక్కటే తీసుకున్నాడు. నేను ఆ పిల్ల మొహమే తీసుకున్నాను. ఈ వాక్యం రాసి కూడా, ఆయన మూత తలుచుకుంటే నవ్వు వస్తోంది. నేను ఇంతే కాబోలు.

ఫిబ్రవరి 26

ముప్ఫైలో ఒకటి పంపించాను. ఏమీ రాయకుండా.

మార్చి 9

రుచిత వాళ్ళ హాలు ఫోటో పంపింది. ఆ మసక ఫోటోనే నిలువెత్తు చేయించి గోడకి పెట్టారు. వెనకున్న బాలశౌరిని కత్తిరించేశారు. లోగో ఉంది. మచ్చ కనపడటం లేదని మా అత్తగారికి అన్నిట్లోకీ ఇదే నచ్చిందక్కా, థాంక్స్ చెప్పమన్నారు అని రాసింది.