దొనలో వదిలిన జత

ఆత్మకూరు,
డిసెంబరు 3

పెద్ద చదువుల నా కోడలు పిల్ల నిరోషమ్మకు,

మీ మామ పోలేరయ్య రాసేది. ఎనిమిదో తరగతి రెండుసార్లు తప్పినవాడి చేతిరాత, తప్పులుంటే ఎర్ర పెన్నుతో దిద్దుకో. ఫోన్ చేయొచ్చు గదా అంటావు. ఫోన్లో నువ్వు హలో అనగానే నా నోరు ఊరుకోదు. ఏదో ఒకటి అని నిన్ను నవ్విస్తాను, చెప్పాల్సింది మింగేస్తాను. పది రోజులుగా జరుగుతున్నది అదే. అందుకని కాగితం.

నువ్వు పీహెచ్‌డీ మానేసి ఇంటికొస్తానన్నావని నిన్న మీ అమ్మ చెప్పింది. "నలభై చేపల్ని సీసాల్లో పెట్టినానమ్మా, నా చేతుల్తోనే ఆ జాతిని లేకుండా చేసినాను" అని ఏడ్చావంట. మా అక్క నాకు అన్నం పెడుతూ, "ఏందిరా పోలేరూ, వేలెడు పరిగె చేపల కోసం చదువు మానుకుంటారా ఎవురన్నా?" అనింది. నేను పళ్ళెంలోకి చూస్తూ, "నీ కూతురికి పిచ్చిలే అక్కా" అన్నాను. ఆ తర్వాత చెయ్యి కడిగేసుకున్నాను.

నిరోషా, వాటిని లేకుండా చేసింది నువ్వు కాదు. నేను.

రెండేళ్ళ కిందట ఉదయగిరి కొండెక్కి, కోట వెనక రాతి దొనలో, ఆ బండల మధ్య నీటిగుంటలో, నీకు ఆ పరిగెల్ని మొదట చూపించింది నేనే గదా. దొనలో కాళ్ళు పెట్టుకుని కూర్చుంటే అవి గుంపుగా వచ్చి వేళ్ళు కొరికేవి. నువ్వు ఒకదాన్ని గాజు గ్లాసులో పట్టి గంటసేపు చూశావు. కింద చెరువుల్లో పరిగెకు తోక దగ్గర నల్లచుక్క ఉంటుంది, దీనికి లేదన్నావు. నోరు పైకి తిరిగుందన్నావు, నీళ్ళ మీద వాలే పురుగుల్ని అందుకోవడానికి. ఎన్నో వేల ఏళ్ళ కిందట నీళ్ళు తగ్గిపోయి ఈ రాళ్ళ మధ్య చిక్కుకున్నాయనీ, కిందికి పోలేక ఇక్కడి నీళ్ళకు తగ్గట్టు తరానికింత మారుతూ వేరే జాతి అయిపోయాయనీ చెప్పావు. ఇప్పుడు కింది పరిగెతో కలిపినా గుడ్లు నిలవవేమో అన్నావు. "దానికి వేల ఏళ్ళెందుకే? మన మేనత్త కొడుకులు సీతారామపురం పోయి ముప్పయ్యేళ్ళే, అప్పుడే మనల్ని గుర్తుపట్టడం లేదు" అన్నాను. మనతో కొండెక్కిన మీ సారు కూడా నవ్వాడు. ఆ నవ్వు నచ్చింది గాని, తర్వాత మీరు నలభై చేపల్ని సీసాల్లో పెడుతుంటే నేను ఒక సీసా పట్టుకోబోతే "ఆయన్ని తాకనీయకమ్మా" అన్నాడు చూడు, అది గుచ్చుకుంది.

మన ఇళ్ళల్లో ఒక పద్ధతి ఉంది. చెరువు ఎండుతుంటే ఒక కొరమీను జతను చంపకుండా పట్టి బావిలో వదులుతాం, వానలు పడ్డాక తిరిగి చెరువులో వేస్తాం, విత్తనం పోకూడదని. పోయిన ఏప్రిల్లో బావులూ అడుగంటాయి. జతను తడి గోతంలో చుట్టుకుని ఉదయగిరి బస్సెక్కాను. వాటికి గోతం తడిగా ఉంటే చాలు, సగం రోజు బతుకుతాయి. దొనలో వదిలాను. విత్తనం మాట నిజమే. దానికన్నా నిజం ఇంకోటుంది. మేలో మళ్ళీ వస్తామన్నారు గదా, మీ సారొచ్చి వేలెడు పరిగె కోసం బుల్లి వల ముంచితే, మూరెడు కొరమీను ఎగిరి ఆయన మొహం మీద నీళ్ళు కొట్టాలని. ఆ ముచ్చట తలచుకుని బస్సులో ఒక్కడినే నవ్వుకున్నాను. పక్కన కూర్చున్నావిడ లేచి వేరే సీటుకు పోయింది.

మేలో మీరు రాలేదు. ఎండలన్నారు, తర్వాత పరీక్షలన్నారు. నేను మరిచిపోయాను. ముప్పయ్యేళ్ళుగా వల వేసేవాణ్ణి, కొరమీను చిన్న చేపల్నే తింటుందని నాకు ఒకరు చెప్పాలా? అయినా మరిచిపోయాను.

నవంబరులో నీ వల ఖాళీగా వచ్చినప్పుడు నేను గట్టు మీదే ఉన్నాను. "మామా, ఏమై ఉంటాయి?" అన్నావు. "కోటలో రాణిగారి దయ్యం వేపుడు చేసుకున్నట్టుండాది" అన్నాను. నువ్వు నవ్వలేదు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. మీ అమ్మ చెప్పాక ఈ తెల్లవారే చెరువులో ఇరవై పరిగెల్ని క్యానులో పట్టుకుని కొండెక్కాను. దొనలో పోసి, "దొరికినాయే పిల్లా, రాళ్ళ సందుల్లో దాక్కున్నాయి" అని నీకు ఫోన్ చేద్దామని. నువ్వు చదువు మానకుండా ఉంటే చాలనుకున్నాను. మూత తీసి చూస్తే ప్రతిదానికీ తోక దగ్గర ఆ నల్లచుక్క. అన్ని చేపలూ కూరే అనుకునే నాకే తేడా కనబడుతుంటే నీకు కనబడదా? మూత పెట్టేశాను. చెప్పులు విప్పి దొనలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాను. చాలాసేపు. ఎవరూ రాలేదు. నీళ్ళు మాత్రం కదులుతున్నాయి, అంత గాలి కూడా లేదు. కింద ఎక్కడో నా జత తిరుగుతోంది.

అప్పటినుంచి ఎక్కడ నీళ్ళు చూసినా, చెంబులో చూసినా, కాళ్ళ వేళ్ళు ముడుచుకుంటున్నాయి. నువ్వు మానొద్దు. తప్పు నాది.

నీ మామ,
పోలేరయ్య


తిరుపతి,
డిసెంబరు 8

మామకు,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నమ్మలేదు.

నేను బడి కిటికీ పగలగొడితే హెడ్మాస్టరు ముందు నిలబడి "నేనే కొట్టినాను సార్" అన్నవాడివి. మన ఊరి లిదియమ్మత్త చచ్చిపోయిందని నాకు ఫోన్ చేసి, నేను ఏడుస్తుంటే ఆమె చేతే మాట్లాడించినవాడివి. నువ్వు నిజం చెప్పినా అబద్ధం చెప్పినా గొంతు ఒకటే మామా. ఇన్నాళ్ళూ అది నాకు ముద్దుగా ఉండేది.

నవంబరులో మూడు రోజులు ఆ దొనంతా వల తిప్పాను. ఒక్క కొరమీనూ పడలేదు. నా మీద ప్రేమతో కథ అల్లావు, చాలా బాగా అల్లావు. ఈ ల్యాబులో నా బల్ల మీద నలభై సీసాలున్నాయి. లేబుళ్ళ మీద ఉన్నది నా రాత. అవే చివరివి. వాటి మధ్య కూర్చుని జాతులు ఎలా పుడతాయో నేను రాయలేను.

శుక్రవారం మా శ్రీనివాసులు సారుకు మానేస్తున్నానని కాగితం ఇస్తున్నాను. నువ్వు శ్రమపడి రావద్దు.

నిరోష


ఆత్మకూరు,
డిసెంబరు 14

నిరోషకు,

నిన్న నీ ల్యాబులో అనాల్సిన మాట అనకుండానే వచ్చేశాను. అందుకే మళ్ళీ రాస్తున్నాను.

నీ ఉత్తరం బుధవారం వచ్చింది. నన్ను నమ్మలేదని చదవగానే ముందు నవ్వొచ్చింది, నిజం. తర్వాత భయం వేసింది. నా నోటి మాటకు విలువ లేదు కాబట్టి చేపనే పట్టాలి. మీ అమ్మను వెంటబెట్టుకుని గురువారం కొండెక్కాను. కొరమీను రాతి నెర్రెలో దూరితే వలకు అందదు. గాలానికి బతికున్న కప్పను గుచ్చి నెర్రె ముందు ఆడించాలి. పొద్దెక్కాక ఒకటి పడింది, మధ్యాహ్నానికి రెండోది. వీపు రెక్క మీద, వదిలేముందు పెట్టే మన ఇంటి గుర్తు, రెండు కోతలు, మానిపోయి వంకరగా ఉన్నాయి. మీ అమ్మ వేలితో తడిమి చూసింది.

"ఇది మన కోతే గదరా."

"అవునక్కా."

"మొన్న నా బిడ్డకి పిచ్చి అన్నావే."

ఆ మాట అని, నాకన్నా ముందే ఆమె కొండ దిగింది.

ఐసు డబ్బాతో శుక్రవారం పొద్దున నీ ముందు నిలబడేసరికి నీ కాగితం సారు బల్ల మీదకు చేరిపోయింది. నువ్వు ఆ రెండు కోతల్ని చూశావు. సారు పుస్తకం తెరిచాడు. నువ్వే అడిగావు.

"ఏ నెలలో వదిలారు?"

"ఏప్రిల్లో."

"ఎన్ని?"

"రెండు."

"వదిలేటప్పుడు లోపల చిన్న చేపలుండేవా?"

"ఉండేవి. నా కాళ్ళ కిందికి వచ్చినాయి."

అంతా రాసి, నా వైపు తిప్పి, "ఇక్కడ సంతకం పెట్టండి, పోలేరయ్యగారూ" అన్నావు. ఎత్తుకుని తిప్పినవాణ్ణి నేను, ఇరవయ్యారేళ్ళుగా నన్ను నువ్వు అలా పిలిచింది లేదు. సారు కూడా తలెత్తి నీ వైపు చూశాడు.

సీసాలు కూడా చూశాను. లోపల చేపలు తెల్లగా అయిపోయాయి. నలభైకీ నోళ్ళు పైకే ఉన్నాయి, పురుగు వాలుతుందని చూస్తున్నట్టు. వీటినుంచి మళ్ళీ పుట్టించలేరా అని అడిగాను. నువ్వు తల అడ్డంగా ఊపావు. అడిగినందుకు నవ్వుతావేమోనని చూశాను.

నేను తలుపు దగ్గరికొచ్చేసరికి సారు నీ కాగితం ఎత్తి "దీన్నేం చేద్దాం?" అన్నాడు. నువ్వు తీసుకుని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నావు. జాతి పుట్టడం ఒక్కటే కాదు, పోవడం కూడా రాస్తానన్నావు. ఎలా పోయిందో, ఎవరి చేత పోయిందో పేరుతో సహా రాస్తానన్నావు. నేను వినాలనే గట్టిగా అన్నావని తెలుసు.

రాయి. ఊరి పేరు, ఇంటి పేరు కూడా రాయి. మీ సారు మొహం మీద నీళ్ళు కొట్టించాలనుకున్నానని కూడా రాయి, దాచొద్దు.

బస్సు కోసం గేటు దగ్గర నిలబడి వెనక్కి చూస్తే, కిటికీలో నీ తల మైక్రోస్కోపు మీద వంగి ఉంది. ఒక బస్సు వదిలేశాను. రెండోదీ వదిలేశాను. నువ్వు తలెత్తలేదు. నన్ను ఇక ఎప్పటికీ గారూ అనే పిలువు, ఫర్వాలేదు. ఆ తల మాత్రం ఎత్తొద్దమ్మా.

ఇట్లు,
సంతకం పెట్టినవాడు,
పోలేరయ్య