బండి ఆగితే కరెంటు పోతుంది

చిరంజీవి అమ్మడికి,

బాబాయ్ దీవెనలు. ఫోన్‌లో మాట్లాడేవాణ్ణి ఉత్తరం రాస్తున్నానేమిటని కంగారు పడకు. మా ఇల్లు ఇప్పుడు చక్రాల మీద ఉంది కదా. మంచం, పొయ్యి, స్టీరింగు అన్నీ ఒకే గది. నేను ఫోన్‌లో గుసగుసలాడినా మీ పిన్ని చెవిన పడుతుంది. ఈ సంగతి ఆవిడకి తెలియకూడదు.

బండి నడుస్తున్నంతసేపూ ఇంట్లో కరెంటు మహారాజులా ఉంటుంది. ఫ్యాను తిరుగుతుంది, ఫ్రిజ్ గుర్రుమంటుంది, ఇన్వర్టర్ మీద పచ్చ లైటు వెలుగుతుంది. బండి ఆపి, దిగి, ఒళ్ళు విరుచుకునేలోపు అన్నీ చచ్చి ఊరుకుంటాయి. ఆగినప్పుడు వాడుకోవడానికేగా ఇన్వర్టర్ పెట్టించింది!

మీ పిన్ని నెలాఖరు దాకా గడువిచ్చింది. "నువ్వు డ్రైవరుగా, నేను కండక్టరుగా సర్వీసంతా చెమటోడ్చాం. రిటైరయ్యాక కూడా అట్టముక్కతో విసురుకోవడం నా వల్ల కాదు. ఫ్యాను తిరిగితే ఉంటా. లేకపోతే బండి అమ్మేసి నేను చూసొచ్చిన ఆ కింది వాటా అద్దెకు తీసుకుందాం" అంది. ఇంటాయనతో మాట్లాడేసింది కూడా.

ఈ బండి కోసం నేను ఎన్నాళ్ళు కలలు కన్నానో నీకు తెలుసు. నువ్వు కరెంటు చదువు చదువుతున్నావు. నన్ను ఒడ్డున పడెయ్యి తల్లీ. జవాబు మేం తర్వాత ఆగబోయే ఊరి పోస్టాఫీసుకి రాయి, వెళ్ళి తీసుకుంటాను.

చీకట్లో తడుముకుంటూ,
నీ బాబాయ్

తా.క. ఇన్వర్టర్ విశ్రాంతి తీసుకుంటోందని పిన్నితో చెప్పాను. "అది అలిసిపోయేంత పని ఎప్పుడు చేసింది?" అంది.

*

పూజ్యులైన బాబాయ్‌కి,

నమస్కారాలు. మీ ఉత్తరం చదివి నాకెంత సంతోషమేసిందో! మీ కష్టానికి కాదు, క్షమించండి. పుస్తకాల్లో ఎన్నో జబ్బులు చదివాను కానీ, నిజమైన రోగి నా దగ్గరికి రావడం ఇదే మొదలు.

ముందు ఇంజను ఆపి, బ్యాటరీకి వైర్లు తగిలించే చోట చూడండి. తెల్లటి పొడి పేరుకుని ఉంటే పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, గట్టిగా బిగించండి. తర్వాత అన్ని స్విచ్‌లూ ఆపేసి ఒక్కొక్కటే వేసి చూడండి. దేన్ని వేస్తే కరెంటు పోతుందో అదే దొంగ. ఇన్వర్టర్ మూత మాత్రం తెరవకండి, నా మీద ఒట్టు.

మొదటి కేసు గెలవాలని కూర్చున్న,
మీ అమ్మడు

తా.క. నేను కవర్లు కొనుక్కురావడం చూసి అమ్మ "ఎవరికే?" అంది. మీ పేరు చెబితే పిన్నికి చేరిపోతుంది. అందుకని తల దించుకుని నవ్వాను. అది ఇంకా పెద్ద తప్పయింది.

*

చిరంజీవి అమ్మడికి,

దీవెనలు. నీ పరీక్ష పెట్టాను. బండి నడుపుతూ "ఫ్యాను వెయ్యవోయ్, ఇప్పుడు లైటు, ఇప్పుడు ఫ్రిజ్" అంటూ పోయాను. అన్నీ పాసయ్యాయి. ఆ ముక్క కాగితం మీద రాసుకుందామని బండి ఆపాను. అన్నీ ఫెయిలు!

దొంగ దొరకలేదు కానీ మందు దొరికింది. బండి ఆపకపోవడమే ఆ మందు. నిన్న వంట వేళంతా పార్కు చుట్టూ తిరుగుతూనే ఉన్నాను. మీ పిన్ని కరెంటు పొయ్యి మీద కూర కలుపుతూ, దేన్నీ పట్టుకోకుండా నిలబడింది. కిక్కిరిసిన బస్సులో టికెట్లు కొట్టిన మనిషి, ఆ మాత్రం కుదుపు లెక్కా? కానీ కిటికీలోంచి చూసి, "ఏమయ్యా డ్రైవరూ, ఈ ఊళ్ళో ఎన్ని పూలకొట్లున్నాయి?" అంది.

"చాలా ఉన్నాయి" అన్నాను.

"అన్నిట్లోనూ ఆ బట్టతలాయనే కూర్చున్నాడా?" అంది.

పెట్రోలు బంకుల పాలవుతున్న,
నీ బాబాయ్

తా.క. టూత్‌బ్రష్‌తో బ్యాటరీ శుభ్రంగా రుద్దాను. పాతదే అనుకున్నాను. మీ పిన్ని దాన్ని కొని వారమే అయిందట.

*

పూజ్యులైన బాబాయ్‌కి,

నమస్కారాలు. దయచేసి పార్కు చుట్టూ తిరగడం ఆపండి. నడిచేటప్పుడు ఇంజను కూడా కరెంటు ఇస్తుంది. ఆగాక ఆ భారం బ్యాటరీ ఒక్కదాని మీదే పడుతుంది. అది ముసలిదైపోయి ఉండాలి. బ్యాటరీని, ఇన్వర్టర్‌ని విప్పించి కొట్లో పరీక్ష చేయించండి.

ఇంకొక్క మాట. ఏదైనా చేస్తేనే కదా కరెంటు పోయేది! బండి ఆగాక మీరు చేసే ప్రతి పనీ, ఎంత చిన్నదైనా సరే, వరుసగా రాసి పంపండి.

నిద్రలో కూడా వైర్లే కలగంటున్న,
మీ అమ్మడు

తా.క. "కుర్రాడు ఏం చేస్తుంటాడు?" అని నాన్న నెమ్మదిగా అడిగారు. నోరు జారి "రిటైరయ్యారు" అనేశాను. నాన్న అలాగే కుర్చీలో కూలబడిపోయారు.

*

చిరంజీవి అమ్మడికి,

దీవెనలు. బ్యాటరీ కొట్టాయన దానికి తీగలు పెట్టి చూసి, "మీకంటే గట్టిగా ఉందండీ" అన్నాడు. అక్కడి బల్ల మీద ఇన్వర్టర్ కూడా బుద్ధిమంతుడిలా పనిచేసింది. తెచ్చి బిగించాను. కొంత దూరం వచ్చి ఆపాను. మళ్ళీ చీకటి!

నువ్వడిగినవి రాస్తున్నాను. అద్దంలో చూసి బండి పక్కకి తీస్తాను. హ్యాండ్‌బ్రేకు లాగుతాను. గేరు తీసి ఇంజను ఆపుతాను. "దిగండి దిగండి" అనబోయి నాలుక కరుచుకుంటాను. దిగి టైర్లని ఒక్కొక్క తన్ను తంతాను. ఆకాశం చూస్తాను. లోపలికి పోయి ఫ్యాను వేస్తాను. అది తిరగదు. ఇంతే, ఒక్కటి కూడా వదల్లేదు.

రేపటితో గడువైపోతుంది. ఇందాక మీ పిన్నికి ఫోనొస్తే బయటికి వెళ్ళి మాట్లాడింది. ఇంటాయనే అయ్యుంటాడు. తిరిగొచ్చి నన్ను ఎగాదిగా చూసి నవ్వింది. ఇంటి తాళాలు చేతికొచ్చినట్టే నవ్విందమ్మడూ.

బండికి చివరి కడుగుడు కడుగుతూ,
నీ బాబాయ్

తా.క. కింది వాటాకి కిటికీ ఉందట. దాంట్లోంచి రోజూ అదే గోడ కనిపిస్తుందట.

*

అమ్మడూ! అమ్మడూ! అమ్మడూ!

తిరుగుతోంది! బండి ఆగే ఉంది, ఫ్యాను తిరుగుతోంది! పొద్దున ఆఖరి ప్రయత్నంగా బ్యాటరీని మళ్ళీ బ్రష్‌తో రుద్దాను. అప్పటికేమీ కాలేదు. మీ పిన్ని కూరగాయలకని ఊరవతల బజారుకి పంపింది. తిరిగొచ్చేసరికి పచ్చ లైటు! రుద్దుడు ఒంటబట్టడానికి కాస్త టైము పడుతుంది కాబోలు. నీ వైద్యమే వైద్యం తల్లీ.

ఫ్యాను గాలికి కాగితం ఎగిరిపోతుంటే మోచేత్తో అదిమిపెట్టి రాస్తున్న,
నీ బాబాయ్

తా.క. ఇక్కడ ఆగిన బండ్లవాళ్ళందరి బ్యాటరీలూ రుద్దిపెడుతున్నాను. కొందరు వద్దంటున్నారు, అయినా వదలట్లేదు.

*

చిరంజీవి అమ్మడికి,

పిన్ని ఆశీస్సులు. గడువుకి ముందు రోజు నాకు ఫోన్ చేసింది మీ అమ్మ. "పిల్ల ఎవరికో ఉత్తరాలు రాస్తోందే, వాడికో ఇల్లూ వాకిలీ లేదు, ప్రతిసారీ ఊరు మారుస్తాడు" అని ఒకటే ఏడుపు. నీకొచ్చిన కవర్ల మీది పోస్టు ముద్రల్లో ఆ ఊళ్ళ పేర్లు చదివించుకున్నాను. అన్నీ మేం బండి ఆపిన ఊళ్ళే. "అక్కా, ఆ కుర్రాణ్ణి నేనెరుగుదును. మంచివాడే. కాకపోతే నాతో పెళ్ళయిపోయింది" అన్నాను.

ఆ తర్వాత మీ బాబాయ్ గడ్డం గీసుకునే డబ్బాలోంచి నీ ఉత్తరాలు తీసి చదివాను. చేసే ప్రతి పనీ రాయమన్నావు చూడు, ఆ ముక్క నాకు నచ్చింది. ఆయన రాసిన చిత్తు కాగితం దగ్గర పెట్టుకుని, మర్నాడు బండి ఆగుతుంటే పక్కసీట్లో కూర్చుని చూశాను. రాసినవన్నీ చేశాడు. రాయనిది కూడా ఒకటి చేశాడు.

ఇంజను ఆపగానే ఎడమచెయ్యి సీటు పక్కకి పోయి, అక్కడున్న ఎర్ర మర స్విచ్‌ను తిప్పేసింది. ఆయన చూపు మాత్రం అద్దంలోనే ఉంది. డిపోలో బస్సు పెట్టాక అలా తిప్పి బ్యాటరీని కట్ చేయకపోతే మెమో ఇచ్చేవాళ్ళు. ఆ భయం చేతికింకా పోలేదు. ఈ బండిలో ఆ మర తిప్పితే ఇంటి కరెంటంతా కట్. బయల్దేరేముందు అదే చెయ్యి మళ్ళీ తిప్పి పెడుతుంది. చెయ్యి చేస్తున్న పని మనిషికి తెలియదు!

నాలుగు దులుపుదామని నోరు తెరిచాను. అంతలో ఆయన స్టీరింగు తట్టి, "చేరాం" అన్నాడు. సర్వీసులో ఏనాడూ ఆ మాట అనలేదమ్మా. ఎక్కడికి చేరినా తిరుగు ట్రిప్పు ఉండేది. నోరు మూసుకున్నాను.

ఆయన్ని బజారుకి తోలి, వైరింగ్ మనిషిని పిలిపించాను. ఎర్ర మరకి ఇప్పుడు ఒక్క వైరు కూడా లేదు. ఎంత కావాలంటే అంత తిప్పుకోవచ్చు. ఇంటాయనకి వద్దని చెప్పేశాను.

మీ బాబాయ్‌తో కలిసి ప్రయాణం సాగిస్తున్న,
మీ పిన్ని

తా.క. ఇంటి కరెంటు ఆపే అసలు మరని నా మంచం కింద పెట్టించాను. మీ బాబాయ్ అర్ధరాత్రి దాకా టీవీ చూస్తే ఇన్వర్టర్‌కి మళ్ళీ జబ్బు చేస్తుంది. అప్పుడు నీకు ఉత్తరం వస్తుంది. పెందలాడే పడుకోమని జవాబు రాయి.