ఉమ్మి తగిలిన చిప్పు

హిందూపురం, ఆదివారం

నాయనా,

నేను బాగున్నాను, వేళకు తింటున్నాను. ఫోన్‌లో నా గొంతు వింటే పట్టేస్తావని కార్డు రాస్తున్నాను.

నేను రోజూ రైల్లో పోయి వచ్చే బెంగళూరు ల్యాబులో క్వాంటం కంప్యూటర్ చేస్తున్నామని చెప్పాను కదా. సిలికాన్ చిప్పులో ఒక్క భాస్వరం పరమాణువును పాతి, దాని కేంద్రకం తిరిగే తీరులో లెక్క దాచాలి. మొన్న ఆ చిప్పుకు వెంట్రుక కన్నా సన్నని తీగ అతికిస్తుంటే తెగింది. గ్లవుజు తీసేసి, మగ్గం దగ్గర పోగు అతికినట్టే నాలుకకు వేలు అద్ది తీగ పట్టుకున్నాను. పక్కనున్న రేష్మ, "ఏమక్కా, దీన్ని మీ ఇంట్లో పట్టుపోగనుకుంటివా?" అని అరిచింది. ఉమ్మిలోని ఉప్పు తగిలితే చిప్పు పాడైపోవచ్చు. సార్‌కు వెంటనే చెప్పాను. ఇంకో చిప్పు లేదు. దాన్నే కడిగి చల్లబరిచే యంత్రంలో దించారు. పూర్తిగా చల్లబడేదాకా ఏమీ తెలియదు.

ఎవరూ కదిలించకపోతే ఆ కేంద్రకం చాలాసేపు ఉన్నట్టే ఉంటుంది. కుదురు లేనిది నాకే. పొద్దున ధర్మవరం వచ్చేద్దామని స్టేషన్ దాకా పోయాను. ఈలోగా ల్యాబుకు రమ్మంటే ఎలా అని రైలెక్కలేదు.

అమ్మ మోకాలు ఎలా ఉంది? చెల్లెలు ధనలక్ష్మి పోగులు అతకడం నేర్చుకుంటోందన్నావు. దాని పక్కన నీళ్ల గిన్నె పెట్టు, వేలు నోట్లో పెట్టనీయకు.

అవ్వకు దండాలు. ఈ కార్డు అందేలోపు చిప్పు సంగతి తేలిపోతుంది. బాగుంటే నేనే ఫోన్ చేసి ఉంటాను. చేయలేదంటే, మగ్గం ఆపి నువ్వు చెయ్యి నాయనా.

నీ భాగ్యశ్రీ