పిల్ల నోటి మీదుగా

చిరంజీవి అయిన మా అబ్బాయికి మీ అమ్మ నిండు మనసుతో దీవించి రాయించేది. ఇక్కడ మేమందరం క్షేమం. నువ్వూ అక్కడ క్షేమంగా ఉన్నావని తలుస్తాను.

ఈ మాట రాయమంటే నీ పెళ్ళాం కలం ఆపింది. "అందరం క్షేమమేనా అత్తయ్యా?" అంది. "ఉత్తరమన్నాక అలాగే మొదలుపెట్టాలి, రాయవే" అన్నాను. రాసింది. చేతిరాత చూడగానే రాస్తున్నదెవరో నీకు తెలిసిపోయే ఉంటుంది. పక్కింటివాళ్ళ చేత రాయించుకోవచ్చు, కావాలనే ఈమెను కూర్చోబెట్టాను. ఒక్క మాట మింగినా రేపు తను పనిచేసే కళ్ళద్దాల దుకాణానికే వెళ్ళి వాళ్ళ యజమాని చేత చదివించుకుంటానని బెదిరించాను. ఆయన ముందు పరువు పోగొట్టుకోవడం ఇష్టంలేక బుద్ధిగా రాస్తోంది.

ఫోనుండగా ఉత్తరమేమిటని అనుకుంటావు. మనింట్లో ఫోను నీ కూతురు గువ్వ చేతిలోనే ఉంటుంది. నాకు నొక్కడం రాదు, నీ పెళ్ళాం ముట్టుకోదు. నీతో ఏం చెప్పాలన్నా ఆ పిల్ల పక్కన ఉండి తీరాలి. ఇది దాని చెవిన పడకూడని మాట.

నా మోకాలి సంగతి అడిగావు. మెట్లెక్కేటప్పుడు తిట్టుకుంటాను, దిగేటప్పుడు మరిచిపోతాను. వంటింటి పంపు ఇంకా కారుతోందా అన్నావు. కారడం లేదు. కోడలే స్టూలెక్కి, రెంచీ తిప్పి బాగుచేసింది. "అది రాయక్కర్లేదు అత్తయ్యా" అంటోంది. రాయమన్నాను. స్వెట్టర్ ఎవరు పంపారు, నాకు చలి అని ఎవరితో అన్నాను అని గద్దించి అడిగావు. దానికి జవాబు కొంచెం ఆగి చెబుతాను.

నీ ఉత్తరం వచ్చిన రోజు కోడలు పనికి వెళ్ళింది. గువ్వ బడి నుంచి రాగానే సంచీ అయినా దింపనివ్వకుండా చేతిలో పెట్టి "మీ నాన్న ఏం రాశాడో చదవవే" అన్నాను. అది కిటికీ దగ్గర నిలబడి మొదట తనలో తను చదువుకుంది. తర్వాత గట్టిగా చదివింది. "అమ్మా, నేను బాగున్నాను. నీ మోకాలు ఎలా ఉంది? పంపు కారుతోందా? గువ్వ బాగా చదువుకుంటోందని టీచరు చెప్పారు. అందరినీ అడిగానని చెప్పు." అంతే, మడిచి ఇచ్చేసింది.

నాకు అక్షరం రాదు గాని కళ్ళున్నాయిరా. రెండు వైపులా కిక్కిరిసి రాసిన కాగితం నాలుగు మాటల్లో అయిపోతుందా? "మిగతాదేదే?" అన్నాను. "అదంతా పని గురించి నానమ్మా, సొరంగం, కరెంటు తీగలు, నీకు అర్థం కాదు" అంది. అని దొడ్లోకి వెళ్ళి, తిన్నదంతా కక్కేసింది.

సాయంత్రం కోడలు రాగానే ఉత్తరం ఇచ్చి, ఉన్నది ఉన్నట్టు చదవమన్నాను. పిల్ల అబద్ధాలకోరు అయిందని టీచరు నీకు ఫోను చేసిందని, ఇద్దరాడవాళ్ళం కలిసి దాన్ని పాడుచేశామని, వచ్చే నెల హాస్టల్లో పడేస్తేగాని బాగుపడదని, వార్డెన్‌తో మాట్లాడి మంచం కూడా ఖాయం చేశానని రాశావు. నీ కూతురి మీద నువ్వు చెప్పిన తీర్పును నీ కూతురి చేతే చదివించానురా నేను. అది నా దగ్గర దాచడానికి నిలబడ్డపాటున నీ పేరున ఒక మంచి ఉత్తరం అల్లింది.

ఇప్పుడు విను. నువ్వు ఇంట్లో ఒక మాటైనా అనకుండా ఆ కొండల్లో సొరంగం పనికి ఒప్పుకున్నావు. ఆ సంగతి కోడలికి దుకాణంలో ఎవరో చెబితే తెలిసింది. ఆవిడ మండిపడింది, నువ్వు రెట్టించావు. అప్పటి నుంచి మొగుడూ పెళ్ళాలకు మాటల్లేవు. ఎవరిది తప్పో తేల్చడానికి నేను కూర్చోలేదు. "మీ అమ్మతో చెప్పు", "మీ నాన్నతో చెప్పు" అంటూ మీరిద్దరూ ఆ పిల్లను ఇటూ అటూ తిప్పుతున్నారు. ఆదివారం నీ ఫోను వచ్చే వేళకు దానికి కడుపునొప్పి వస్తుంది. గోళ్ళు కొరికి కొరికి వేళ్ళ కొసలు ఎర్రగా ఉన్నాయి. టీచరు నీకు చెప్పనిది ఇదీ.

మొన్న ఆదివారం నేను దాని వెనకే నిలబడ్డాను. నీ గొంతు ఫోను పక్కన నిలబడ్డవాళ్ళకు వినబడుతుంది గదా. "మీ అమ్మను ఇష్టం వచ్చినట్టు ఊరేగమను, నన్నేం అడగొద్దను" అన్నావు. గువ్వ ఫోను మీద చెయ్యి మూసింది. పైకప్పు వంక చూసి కాసేపు ఆలోచించింది. "అమ్మా, నీకెలా బాగుంటే అలా చెయ్యమన్నారు నాన్న" అంది. కోడలు పొయ్యి దగ్గర నుంచి "రమ్మని ఇక్కడెవరూ ఏడవడం లేదని చెప్పు" అంది. మళ్ళీ చెయ్యి తీసి, "నాన్నా, ఎప్పుడొస్తారని అమ్మ అడుగుతోంది" అంది.

ఇది రాస్తూ నీ పెళ్ళాం కొంగుతో ముక్కు తుడుచుకుంటోంది. అదీ రాయమన్నాను.

ఫోను పెట్టేశాక పిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకుని "ఎందుకే మార్చి చెప్పావు?" అన్నాను. మొదట మార్చలేదంది. తర్వాత అంది, "ఉన్నది చెబితే ఇద్దరూ నామీదే అరుస్తారు నానమ్మా. వాళ్ళకు కనబడేది నేనొక్కదాన్నే కదా. మంచిగా చెబితే నాన్న ఫోను ఇంకాసేపు పెట్టేయరు."

బడిలో చేసిందీ ఇదే. కొట్లాడుకున్న ఇద్దరు పిల్లల దగ్గరకు విడివిడిగా వెళ్ళి, "తనను క్షమించమంది" అని ఇద్దరికీ చెప్పింది. ఇద్దరూ కలిశాక బండారం బయటపడి దీన్ని పట్టుకుని కొట్టారు. టీచరు అబద్ధమంది. అబద్ధమే, కాదనను. ఎక్కడ నేర్చిందో మనింటికి వచ్చి చూస్తే గదా తెలిసేది! కొట్లాట కనిపిస్తే మధ్యలోకి వెళ్ళి నిలబడటం తన పని అనుకుంటోందిరా అది. ఇప్పుడు దాన్ని హాస్టల్‌కి పంపితే ఏమనుకుంటుంది? తను సరిగ్గా చెప్పలేకపోయింది కాబట్టే ఇల్లు విరిగిందనుకుంటుంది.

ఇక స్వెట్టర్. నాన్నకు అక్కడ చలిగా ఉందట, నీ చేత్తో అల్లింది ఉంటే బాగుండేదన్నారట అని గువ్వ వాళ్ళమ్మతో చెప్పింది. నువ్వు అనలేదని నీ ఉత్తరం చదివాకగాని మాకు తెలియలేదు. పగలంతా అద్దాలు అరగదీసి వచ్చిన కళ్ళతో ఈమె కూర్చుని అల్లింది. "ఇది మాత్రం వద్దత్తయ్యా" అంటోంది. రాయవే అన్నాను.

ఇంతసేపూ కడుపులో పెట్టుకున్న సంగతి ఒకటుంది. కోడలికీ ఇప్పుడే తెలుస్తోంది. నిన్న పొద్దున కూరగాయలకని చెప్పి బస్సెక్కి ఆ హాస్టల్‌కి వెళ్ళాను. వార్డెనమ్మను కలిసి "పిల్ల తండ్రి మనసు మార్చుకున్నాడు, ఆ మంచం ఇంకెవరికైనా ఇచ్చుకోండి" అన్నాను. "ఆయన నాతో ఏమీ అనలేదే?" అంది. "నాతో చెప్పి పంపాడమ్మా" అన్నాను, రెప్ప కొట్టకుండా. ఆవిడ సరేనంది. నువ్వు అనని మాట నీ నోట్లో పెట్టాను. నా మనవరాలి దగ్గర నేర్చుకున్నాను. ఇంట్లో ఒక్క అబద్ధాలకోరునైనా హాస్టల్లో వెయ్యాల్సిందేనంటే నా పెట్టె సర్దుకుంటాను, వచ్చి తీసుకెళ్ళు.

కోడలు రాయడం ఆపేసి నోరు తెరుచుకుని చూస్తోంది. తర్వాత నవ్వింది. ఈమె నవ్వు విని ఎన్నాళ్ళయిందో.

వచ్చే ఆదివారం నువ్వు ఫోను చేసేసరికి గువ్వ ఇంట్లో ఉండదు. కింది వాటా పిల్లలతో ఆడుకోవడానికి పంపేస్తాను. ఫోను స్టూలు మీద మోగుతుంది. నాకు ఎత్తడం రాదు కాబట్టి ఎత్తేది ఎవరో నీకే తెలియాలి. తిట్టదలచుకుంటే ఈమెను తిట్టు. ఈమె కూడా చేతకానిదేం కాదు, బాగా తిడుతుంది. మీ ఇద్దరి తిట్లూ మీ ఇద్దరి చెవుల్లోనే పడాలి. అవి అయ్యాక పిల్లను పిలుస్తాను. అప్పుడు దాన్ని ఏం తిన్నావు, ఏం ఆడావు అని అడుగు. ఇంకేమీ అడగొద్దు.

నేను చెప్పాల్సింది అయిపోయింది. కాగితం అడుగున కాస్త చోటు మిగిలిందట. అది కోడలికి వదిలేసి పొయ్యి దగ్గరకు పోతున్నాను. ఏం రాస్తుందో అడగను. చదవడం ఎటూ రాదు, ఎవరి చేతా చదివించుకోను.

ఇట్లు,
నీ మీద కోపమూ ప్రేమా రెండూ తగ్గని
మీ అమ్మ

ఏమండీ,
అత్తయ్య చెప్పింది చెప్పినట్టే రాశాను. స్వెట్టర్ చేతులు పొడవు సరిపోయాయా? కొలత లేకుండా, గుర్తున్న దాన్నిబట్టి అల్లాను. ఇది గువ్వ అడగడం లేదు. నేనే అడుగుతున్నాను.