ఎడమకి తిరిగే పొత్రం

ఒరేయ్ అబ్బులూ, ముందు నీతో చెప్పాకే వీళ్ళకి రాస్తున్నాను. నీకివ్వడానికి ఏమీ లేదు నాన్నా, మొదటి పేరు నీదే ఉండాలనిపించింది.

చెరుకుమిల్లి మాణిక్యమ్మ అనే నేను, టెక్సాస్‌లో ప్లేనో ఊళ్ళో, కారు ప్రమాదంలో పోయిన నా ఒక్కగానొక్క కొడుకు, అబ్బులు అని పిలుచుకునే రామమోహన్ ఇంట్లో కోడలు హైమతో ఉంటూ, ఎవరి బలవంతమూ లేకుండా నా చేత్తో రాస్తున్న వీలునామా. చదివింది మూడో తరగతి. మోకాళ్ళు అరిగాయి గాని మతి అరగలేదు. దీన్ని ఇంగ్లీషులో పెట్టించి, రాసినట్టు జరిపించే పూచీ అబ్బులు స్నేహితుడు జగన్మోహన్‌ది.

1. అబ్బులు, ఇళ్ళ ముందు పాత సామాను అమ్మే గరాజ్ సేల్స్‌లో ఏరుకొచ్చి బాగుచేసిన వింత సామానంతా జగన్మోహన్ కూతురు రేణుకి. అందులో పిట్ట బయటికొచ్చి కూసే జర్మనీ గడియారం ఉంది. పిట్ట విరిగిపోతే వాడు కొండపల్లి చిలకని పెట్టాడు. అది గంటకోసారి బయటికొచ్చి లోపలికి పోవడం మరిచిపోతుంది. వేలితో మెల్లిగా నెట్టాలి.

2. పక్కింటి లూపేకి కరివేపాకు కుండీ. ఆవిడది మెక్సికో. ఆవిడ మాట నాకు రాదు, నా మాట ఆవిడకి రాదు. మా రోలు చూసి ఇంట్లోకి పరుగెత్తి, తన మూడుకాళ్ళ రుబ్బురాయి మోసుకొచ్చి పక్కన పెట్టింది. మా రోలు నున్నబడితే వాళ్ళన్న ఉలితో గంట్లు కొట్టిచ్చాడు. పగలంతా మనిషి కనపడని ఈ వీధిలో నాకు చెయ్యి ఊపేది ఆవిడే. కానుక పుచ్చుకునేవాళ్ళు సాక్షి సంతకం చేయకూడదట, అందుకే కింద ఆవిడ పేరు లేదు.

3. ఇక్కడి తెలుగువాళ్ళకి శుభాశుభాలు చెప్పే ఆండాళ్ళమ్మగారికి మా పాత మిక్సీ. అది ఎటు తిరుగుతుందో ఆవిడే చూసుకోవచ్చు.

4. నా రెండు గాజులూ, రుబ్బే మిషనూ హైమకి. ఇది అందరూ వినాలి.

మిక్సీలో పిండి వేడెక్కిపోతోంది, ఇడ్లీలు రాళ్ళలా వస్తున్నాయి అని హైమ అడిగితేనే అబ్బులు ఈ మిషను చేశాడు. రోలూ పొత్రమూ రాజమండ్రి నుంచి నా పెట్టెలో వచ్చాయి. కస్టమ్స్ వాడు తట్టి తట్టి చూసి వదిలాడు. మోటారు ఎవరో రోడ్డు పక్కన పారేసిన బట్టలుతికే మిషనుది. శనివారం పొద్దున అది గరగరమంటుంటే ఇల్లు ఇల్లులా ఉండేది.

వాడి పదోరోజున గారెలకి పప్పు రుబ్బుతుంటే ఆండాళ్ళమ్మగారు తొంగిచూసి, "పొత్రం అపసవ్యంగా తిరుగుతోంది, చూశావుటే హైమా? అలా తిరిగేది చచ్చినవాళ్ళ పనుల్లో కదుటే. అడిగి మరీ చేయించుకున్నావు" అంది. హైమ ప్లగ్ పీకేసింది. మళ్ళీ పెట్టలేదు. అప్పట్నుంచి సింకు దగ్గర నిలబడి చల్లటి పాలల్లో సీరియల్ అటుకులు వేసుకు తిని ఆఫీసుకి పోతోంది. నేను చెప్పబోతే లేచి వెళ్ళిపోతుంది. కాగితమైతే వింటుందని రాస్తున్నాను.

అమ్మా హైమా, వాడు వైరు తప్పు కలపలేదు. నాది పుర్రచెయ్యి. మా అత్తగారు చూస్తే తిట్టేదని నలుగురిలో అన్నీ కుడిచేత్తోనే చేసేదాన్ని. ఒక్క రోటి దగ్గర మాత్రం, ఎవరూ లేనప్పుడు, ఎడమచేత్తో ఎడమకి తిప్పి రుబ్బేదాన్ని. చూసినవాడు పక్కన కూచున్న అబ్బులొక్కడే. మిషను మొదటిసారి తిరిగినప్పుడు నా వైపు చూసి నవ్వాడు. నీ చెయ్యేనమ్మా, అన్నాడు.

ఆ వైపు తిరిగిన పిండి తినే వాడు అంత ఎదిగాడు. అది అశుభమైతే వాడు నడక నేర్చేవాడే కాదు. నీవల్ల ఏమీ కాలేదు తల్లీ.

కాబట్టి ఆ వైర్లు ఎవరూ మార్చకూడదు. హైమ మళ్ళీ పెళ్ళి చేసుకుంటే మిషను ఆ ఇంటికే పోవాలి. ఎవరూ అడ్డం చెప్పకూడదు.

ఈ సంతకం ఎడమచేత్తో చేస్తున్నాను. వంకరగా ఉందని ఎవరూ వంక పెట్టొద్దు.

ప్లేనో, 1984 అక్టోబరు 20, శనివారం.

(సంతకం) చెరుకుమిల్లి మాణిక్యమ్మ

సాక్షులు: శ్యామ్‌సుందర్, జయంతి

హైమా, శనివారాలు పప్పు నానబెట్టుకో. కూచుని, వేడివేడిగా, కడుపునిండా తిను.