పడుకుంటే పోయే నొప్పి

కోరుట్ల

నరేందర్ బావకు జలపతి రాసేది. జవాబు ఇంత ఆలస్యం చేసినందుకు ఏమనుకోకు. సకల జనుల సమ్మె మొదలైనప్పటి నుంచి కరెంటు ఎప్పుడు ఉంటుందో, ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలియదు. నీ మెయిల్ వచ్చిన రోజే షాపులో ప్రింటు తీసి ఇంటికి పట్టుకుపోయాను. జవాబు రాయకపోవడానికి కరెంటు ఒక్కటే కారణం కాదు, అది కిందికి పోయాక చెప్తాను. ఇక్కడ అందరం తిని తిరుగుతున్నాం. అక్కడ మస్కట్‌లో నీ ఒంట్లో కూడా బాగుందనే అనుకుంటున్నాను. కంప్యూటర్ ముందు కూర్చుంటే నా చేతులు కరపత్రాల భాషే కొడతాయి, నవ్వకు.

నువ్వు అడిగినవి ఒక్కొక్కటి చెప్తాను. సెలవుకు వచ్చిన రాజమల్లుతో పంపిన దుప్పటి, సబ్బులు, పాప గౌన్లు అందాయి. గౌన్లు బడికి పోయే పిల్లకు సరిపోయేలా ఉన్నాయి, దాచి పెట్టాం. పాపది నీ పోలికే, ముక్కు మాత్రం మా వైపు. గొంతు మీ అమ్మదని మా అమ్మ అంటుంది, ఇది సిరిసిల్లకు చేరవేయకు. తెలంగాణ వస్తుందా అని అడిగావు. వస్తుందనే అందరం ఉన్నాం. బడులు బంద్, బస్సులు డిపో దాటడం లేదు, మీ సిరిసిల్లలో బట్ట నేసే సాంచెలు సగం ఆగిపోయాయట. నా షాపు మాత్రం బాగానే నడుస్తోంది. జిరాక్సులకు కాదు, బ్యానర్లకు, కరపత్రాలకు. కరెంటు ఉన్న కాసేపట్లో గబగబా కొట్టి ఇచ్చేస్తున్నాను.

ఇక నీ మెయిల్‌లో చివరి సంగతి, మా చెల్లె గురించి. "వనిత పొద్దంత పండుకునే ఉంటదట, పాపను ఒళ్లెకు గూడ తీసుకోదట, మా అమ్మ చూసి వచ్చి బాధపడ్డది. ఈ నాటకాలు ఆపి సిరిసిల్లకు ఎప్పుడొస్తదో కనుక్కో" అని రాశావు. ఇంత పెద్ద జవాబు దానికే.

జగిత్యాలలో ఆపరేషన్ చేసి పాపను తీశారని నీకు తెలుసు. అందుకు నడుము దగ్గర వెన్నులో మత్తుసూది వేసి కింది సగం మొద్దుబారేలా చేస్తారు. ఆపరేషన్ బాగానే జరిగింది. ఇంటికి వచ్చాక తలనొప్పి మొదలైంది. మామూలుది కాదు బావా. పడుకుంటే ఏమీ ఉండదు, మాట్లాడుతుంది, నవ్వుతుంది. లేచి కూర్చుంటే చాలు, మెడ వెనక నుంచి నుదుటి దాకా పలుగు దింపినట్టు ఉంటుందని చెప్పేది. మళ్లీ పడుకుంటే పోయేది. అదే ఆమె కొంప ముంచింది. ఎట్లా తిరిగినా తగ్గని నొప్పి అయితే చూసేవాళ్లు నమ్ముతారు. పడుకుంటే పోయే నొప్పి బద్ధకంలాగే కనబడుతుంది.

మీ అమ్మ వచ్చిన రోజు నేనూ ఇంట్లోనే ఉన్నాను. మంచం పక్కన కూర్చుని, "పండుకుంటె పోయేది గూడ నొప్పేనా కోడలా? గట్లయితె నాకు పుట్టినప్పటి సంది ఉన్నది. నరేందర్ పుట్టినంక పురుడు కాకముందే బీడీల చాట ముందటేసుకున్న నేను" అంది.

"నీ తలకాయ గట్టిది అత్తమ్మ" అంది వనిత పడుకునే.

అప్పుడు అందరం నవ్వాం. ఆ మాటను మీ అమ్మ ఇంకోలా ఇంటికి పట్టుకుపోయినట్టుంది.

మీ అమ్మ ఒక్కదాన్నే ఎందుకు అనాలి, మా ఇంట్లో అంతకంటే ఘనకార్యం చేశాం. బాలింత నీళ్లు తాగితే పొట్ట వస్తుందని, కుట్లు చీము పడతాయని మా అమ్మ పొద్దంతా కలిపి ఓ చిన్న గ్లాసుడు కాచిన నీళ్లు ఇచ్చేది. తల నొస్తోంది అనేసరికి తలకు నీరు పట్టిందని అదీ తగ్గించింది. ఆపైన మొగిలవ్వ. మా వాడలో బాలింతలందరికీ నీళ్లు పోసేది ఆమే, చెయ్యి మంచిదే. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వనితను పీట మీద నిటారుగా కూర్చోబెట్టి పొగలు కక్కే నీళ్లు పోసేది.

"కూసోలేనవ్వా, తల పగులుతాంది" అని వనిత మొత్తుకునేది.

"చలి జొచ్చింది బిడ్డ, ఇంకో నాలుగు చెంబులు పడితె అదే పోతది" అని మొగిలవ్వ మళ్లీ పోసేది.

చెవుల్లో దూది, తలకు బిగించి గుడ్డ. అంతా ప్రేమతోనే. ఆ నొప్పికి ఏం చేయాలో సరిగ్గా దాన్ని తిరగేసి చేశాం. నీళ్లు బాగా తాగమని, తల నొస్తే వెంటనే రమ్మని డాక్టరమ్మ ఇంటికి పంపేటప్పుడే చెప్పిందట. "అందరికి గట్లనే చెప్తరు" అనుకుని మా అమ్మ తలూపి వచ్చేసింది.

ఒక పొద్దున వనిత పాప వైపు చూసి, "అన్నా, నేను కవలలను గన్ననా ఏంది, ఇద్దరు కనవడుతున్నరు" అంది. పరాచికం అనుకున్నాను. దగ్గరికి పోయి చూస్తే కుడి కన్ను ముక్కు వైపే ఉండిపోయింది, పక్కకు తిరగడం లేదు. ఆటో మాట్లాడుకుని వనితను వెనక సీట్లో మా అమ్మ ఒళ్లో పడుకోబెట్టుకుని జగిత్యాలకు బయలుదేరాం.

దారిలో వంటావార్పు. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, వండుకుని తింటూ బండ్లను ఆపుతున్నారు. టెంటుకు కట్టిన బ్యానర్ నేను కొట్టి ఇచ్చిందే. ఒకాయన ఆటోలోకి తొంగిచూశాడు.

"పొద్దటి సంది గిట్ల రోగమని పండవెట్టుకొని పోయెటోళ్లను శానమందిని జూసినం. లేసి కూసోమను."

"బాలింతనే అన్నా, కూసుంటె తల నొస్తది" అన్నాను.

"పండుకుంటె నొయ్యదా? మంచి నొప్పే దొరికింది" అని పక్కవాళ్లను చూసి నవ్వాడు.

వనిత సీటు అంచు పట్టుకుంది. లేచి కూర్చుంది. కూర్చున్న కాసేపటికే తల బయటికి పెట్టి వాళ్ల కాళ్ల ముందే కక్కుకుంది. ఆయన నవ్వు ఆగిపోయింది. వంట దగ్గర నుంచి ఒకామె, శాంతక్కా అని పిలుస్తున్నారు ఆమెను, బిందెలోంచి చెంబుడు నీళ్లు ముంచుకొచ్చింది. వనిత గటగటా తాగి ఇంకో చెంబు అడిగింది. "వద్దే" అని మా అమ్మ చెయ్యి చాపింది కానీ అంతమందిలో లాక్కోలేకపోయింది.

"తాగనీయవేందవ్వ, మంచినీళ్లకు గూడ బందున్నదా?" అంది శాంతక్క. మా ఇంట్లో ఆ మాట అనేవాళ్లు ఒక్కరూ లేకపోయారు.

దవాఖానలో మత్తు డాక్టరు మా మాట సగం వినగానే పట్టేశాడు. సూది దిగిన చోట చిన్న రంధ్రం ఒక్కోసారి మూసుకోదట. మెదడు చుట్టూ ఉండే నీరు అందులోంచి కారిపోతుందట. మనిషి లేస్తే మెదడు కిందికి గుంజుతుంది, పడుకుంటే గుంజదు. నాటకం అంతా అదే బావా.

"పడుకోబెట్టి నీళ్లు, చాయ తాగిపిస్తే చాలామందికి అదే తగ్గుతది. తగ్గకుంటే మా దగ్గర వేరే ఉపాయం ఉన్నది. ఇన్ని రోజులు ఏం చేసిన్రమ్మా?" అని అడిగాడు. మా అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

వనిత చేతి రక్తమే కొంచెం తీసి, వెన్నులో ఆ చోట ఎక్కించి రంధ్రం మూశారు. ఆ సాయంత్రమే లేచి కూర్చుని పాపకు పాలిచ్చింది. కన్ను మాత్రం చక్కబడలేదు. నరం గుంజుకుపోయిందట. నెలలు పట్టొచ్చు, చాలామందికి మళ్లీ సరైతది అన్నాడు. అందరికీ అని అనలేదు.

నీకు ఫోన్లో అంతా మంచిగనే ఉందని చెప్పమన్నది వనితే. పరాయి దేశంలో ఒక్కడివి, భయపడతావని. ఇన్నాళ్లూ రాయలేకపోయింది ఇప్పుడు రాస్తున్నాను. నీ మెయిల్ ఆమె చేతికే ఇచ్చాను. "అక్షరం మీద అక్షరం పడుతాంది, నువ్వే సదువు" అంది. చదువుతూ వచ్చి నాటకాలు అన్న చోట ఆగి, దాటేసి కింది లైను అందుకున్నాను.

"నడుమ ఏదో ఇడిసిపెట్టినవ్. సదువు" అంది.

చదివాను. అరచేత్తో ఒక కన్ను మూసుకుని కాగితం వైపు చూసింది. "మల్లొక్కసారి" అంది. మళ్లీ చదివాను. పాప వీపు నిమురుతూ, "తొవ్వల గాయనెవరో లేసి కూసోమన్నడు. గాయనకు నేనెవరో తెల్వది. ఈయనకు తెల్వదా అన్నా?" అంది. డిగ్రీ నాటి నుంచి దోస్తువని, మనిషి మంచోడని, చెల్లెను నీకే ఇద్దామని ఇంట్లో పట్టుబట్టింది నేనే కదా.

ఎప్పుడు పంపుతారని అడిగావు. పెద్దమనుషులను తీసుకుని వస్తానని మీ అమ్మ కబురు పెట్టింది. రావద్దని చెప్పాను. వనిత వాళ్లతో రాదు. మీ అమ్మతోనూ రాదు. ఫోన్లో నువ్వు ఎంత మంచిగా మాట్లాడినా వినదట. నువ్వే వచ్చి, ఎదురుగా కూర్చుని, ఆమె మొహం చూసి అడగాలట. అప్పుడు కూడా వస్తానని మాట ఇవ్వడం లేదు, అప్పుడు చెప్తానంటోంది. ఇందులో నేను ఆమె వైపే, దోస్తువైనా సరే. కంపెనీ సెలవు ఇవ్వదని రాయకు, అది ఆమెకు చదివి వినిపించే ఓపిక నాకు లేదు. బస్సులు తిరగకపోయినా హైదరాబాద్ దాకా బండి మీద నేనే వస్తాను. ఏ రోజు దిగుతావో అది ఒక్కటి రాయి. మనం ఎప్పుడు కలుస్తాం బావా?

ఇట్లు
నీ బావమరిది
జలపతి