బావ దుర్భిణికి మూత

సెప్టెంబర్ 30, 2007, ఆదివారం

బావ దుర్భిణి నా తుపాకీ మీదకెక్కింది. ఎయిర్‌సాఫ్ట్ తుపాకీ — బొమ్మే, ప్లాస్టిక్ గుండ్లే. కానీ దగ్గర్నుంచి తగిలితే తొడ మీద మచ్చ తేలుతుంది. మూతబడ్డ పత్తి జిన్నింగ్ మిల్లులో ప్రతి ఆదివారం రెండు జట్లుగా ఆడతాం. దుర్భిణి బావ కాలేజీలో షూటింగ్ పోటీలకు వాడింది. మొన్న బిలోలికి, అక్కా వాళ్లింటికి పోతే తనే బీరువాలోంచి తీసిచ్చాడు. "ఆడుకో బామ్మర్ది. అద్దం మాత్రం పైలం. దసరా అయినంక నేనే అచ్చి తీస్కపోత."

ఆయన మా గడప తొక్కి రెండేళ్లు. గృహప్రవేశం నాడు అందరికీ బట్టలు పెట్టి ఇంటల్లుడికి మర్చిపోయాం. అప్పటి నుంచి అక్కనూ పంపలేదు. ఇప్పుడు అక్కను తీసుకొని వస్తానంటున్నాడు. దీపావళి దాకా ఆమెను ఉంచమని అడగాలని అమ్మ ఆశ. కాబట్టి అద్దానికి ఏమీ కాకూడదు.

అక్టోబర్ 2

గుండ్లు తగలకుండా దుర్భిణి అద్దానికి మూత కావాలి. ఫోటో ఫ్రేములకు వేసే ప్లాస్టిక్ రేకు గుండ్రంగా కోశాను. ఒట్టి మూతనే గోడకు ఆనించి తుపాకీతో కొట్టి చూశా. ఫట్. ముక్కలు. దుర్భిణికి తొడిగి చూడనందుకు నన్ను నేనే మెచ్చుకున్నా.

అక్టోబర్ 5

పాత హెల్మెట్ ముందు అద్దం. రంపం బ్లేడుతో కోత, ఆకురాయితో అంచులు, పట్టుకు సైకిల్ ట్యూబు ముక్క. అదే గోడ, అదే దూరం. పగల్లేదు. తెల్లగా ఓ మచ్చ, అంతే.

అక్టోబర్ 7, ఆదివారం

మూతకూ అద్దానికీ మధ్య ఆవిరి పట్టింది. ఏమీ కనబడదు. ఓడాం. మా జట్టు రమేశ్ నవ్వు — "తుపాకికి హెల్మెట్ వెట్టినవ్, నీకేది రా..." ఆటలో అందరం కళ్లకు గాగుల్స్ పెట్టుకుంటాం, చాలు. ఇంటికొచ్చి ట్యూబుకు కింద బెజ్జం పెట్టా, గాలి ఆడడానికి.

అక్టోబర్ 14, ఆదివారం

గుండు సరిగ్గా మూత నడిమిట్ల. ఆట ఆపి, విప్పి, ముందు దుమ్ము ఊది — తుడవకుండా — వెలుతురులో చూశా. అద్దం మీద గీత లేదు. ఈ ఏడాది నేను సరిగ్గా చేసిన పని ఇదొక్కటే.

అక్టోబర్ 20, ఖండే నవమి

అమ్మ ఆయుధపూజకు అన్నీ వరసగా పెట్టింది. కత్తిపీట, కుట్టుమిషను, నా స్కూటరు, చివర్న తుపాకీ. "గా మూత తియ్‌ రా. పూజకు ముసుగేంది?" తీశా. పసుపు, కుంకుమ, అక్షింతలు. బొట్టు పోయి పోయి అద్దం మీదే పెట్టింది. వద్దనబోయి ఊరుకున్నా. పండుగపూట గొడవెందుకు... రేపు మెత్తటి తడిగుడ్డతో నేనే తీస్తా.

అక్టోబర్ 21, దసరా

లేచేసరికి పూజ ఎత్తేసింది అమ్మ. ఎండలో దీపపు కుందులు, హారతి పళ్లెం, వాటి పక్కన తుపాకీ మీంచి ఊడదీసిన దుర్భిణి. అన్నీ తళతళ. నీళ్లు కాచే బంబులోని బూడిద, చింతపండు వేసి తోమిందట. ఇత్తడి సామానంతా అట్లనే తోముతుంది కదా.

"అల్లుని సామాన్ రా. మురికిగ ఎట్లిస్తం?"

కంటికి పెట్టి చూశా. ఎదురింటి డాబా మసక. అద్దమంతా గుండ్రంగా గీతలు.

అమ్మకు చెప్పక తప్పలేదు. కొంగుతో చేతులు తుడుచుకుంటూ కూర్చుండిపోయింది. "ఇగ పిల్లను పంపడేమో."

కోపం రాలేదు నాకు. భయమేసింది. సాయంత్రం బంగారమని జమ్మి ఆకు పంచడానికి ఎవరింటికీ పోలేదు.

అక్టోబర్ 22

పన్నెండింటి బస్సుకు అక్కా బావా వచ్చారు. అక్క చిక్కింది. ఈసారి రాగానే బట్టలు పెట్టాం. బావ నవ్వాడు కూడా. అమ్మ ఎప్పటిలాగే వంటింటి పరదా వెనక. అల్లుడి ఎదుటికి రాదు, ఏం చెప్పాలన్నా నా నోటితోనో అక్క నోటితోనో.

భోజనమయ్యాక — "ఏది బామ్మర్ది, దుర్భిణి?"

ఇచ్చా. పొద్దుటి నుంచి నోట్లో నానబెట్టుకున్న మాట కూడా ఇచ్చా. "ఆటల గుండు తగిలింది బావా. మూత వెట్టలే, నాదే తప్పు." మా అమ్మను ఈయన ఒక్క మాటన్నా నేను వినలేను. అక్క ముందు అసలే వినలేను.

కంటికి పెట్టుకున్నాడు. దించాడు. అద్దం చుట్టూ ఉన్న సందులో గోరు తిప్పి నాకు చూపించాడు. ఎర్రగా.

"గుండు బొట్టు వెట్టుకొని అచ్చిందా?"

పరదా కదిలింది. అమ్మ. తల మీద కొంగు, చూపు నేల మీద, కానీ వచ్చి ఆయన ఎదురుగానే నిలబడింది.

"నేనే తోమిన. బూడిదతోని. నాకు తెల్వలే. వాడు నా కోసం అబద్ధమాడుతుండు."

బావ చప్పున లేచి నిలబడ్డాడు. దుర్భిణిని రుమాల్లో చుట్టి జేబులో వేసుకున్నాడు. చెప్పులు తొడుక్కున్నాడు. అక్క తన సంచి అందుకొని గడప దాకా పోయింది.

"నువ్వు ఉండు" అన్నాడు ఆమె దిక్కు చూడకుండా. బస్టాండు దాకా వస్తానన్నా, వద్దన్నట్టు చెయ్యి ఊపాడు.

అక్టోబర్ 23

బావ ఫోన్ ఎత్తడం లేదు. "దీపావళి దాక ఉండుమన్నడు, గంతే" — అమ్మ పొద్దుటి నుంచి ఇదే మాట. మేం అడగనే లేదు కదా, ఎప్పటి దాకా అని ఆయనా చెప్పలేదు... పండుగకు ఉంచిపోయాడా, ఇక మీ పిల్ల మీకే అని పోయాడా — అక్కను అడిగే ధైర్యం నాకు లేదు.

అక్క స్నానం చేసి వచ్చి సంచిలోంచి ఒక్క చీర తీసుకుంది. మళ్లీ జిప్పు వేసి, సంచి తలుపు దగ్గరే పెట్టింది.